అడగని సలహాకు ఒక తెల్లగడ్డ

పీలేరు,
6-6-1998.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రసన్నకుమారికి అన్న నారాయణ దీవించి రాసే జాబు.

ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. నీ కిందటి జాబు మీద మళ్లీ పిన్‌కోడ్ రాయలేదు. సబ్‌పోస్టుమాస్టరు చెల్లెలివి, నువ్వే ఇట్లా చేస్తే ఊళ్లోవాళ్లను ఏమనాలి?

మీ వడమాలపేట నుంచి మాకు బదిలీ మీద వచ్చిన పోస్టుమాన్ ఒక మాట చెప్పాడు. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం నలుగురైదుగురు ఆడవాళ్లు నీ ఊరగాయల అంగడి గదిలో వెనక భాగాన చేరి, చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గరగా వేసుకుంటారట. బేస్తవారం అన్నాడు కాబట్టి భజన అని నాకు వెంటనే అర్థమైంది. చాలా సంతోషం. మా పూజగదిలో రెండు గంటలున్నాయి, ఒకటి మీ ఆయన బస్సులో పంపుతున్నాను. చింతపండుతో తోము. సబ్బు పెట్టొద్దు.

ఇక గది సంగతి. అది నాయన నా పేర రాసిన గది. వచ్చే మార్చికి నా ఉద్యోగం అయిపోతుంది. పుత్తూరులో సిమెంటు వ్యాపారం చేసే సుందరరాజు ఆ గదిని బాడుగకు అడుగుతున్నాడు. వినాయక చవితి లోపల మాట చెప్పమన్నాడు, ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను. మీ ఆయన తిరుమలయ్య ఆర్టీసీలో కండక్టరు, నీకేం తక్కువ? అంగడి మానేయి. మానలేకపోతే ఇంట్లోనే కొంచెం కొంచెంగా పెట్టుకో. జాడీలు పెద్దవి వాడొద్దు. కారం గుంటూరుది వద్దు. ఊరగాయ చేసే చేతికి గోళ్లు ఉండకూడదు, ప్రతి ఆదివారం కత్తిరించుకో. అప్పు ఇవ్వొద్దు. అంగట్లో కూర్చున్నప్పుడు వారపత్రిక చదవొద్దు.

గంటతో పాటు ఒక మురుకుల పొట్లాం పంపుతున్నాను. బస్టాండు పక్క బేకరీలో ఆరేడు నెలలుగా కొంటున్నాను. ఎంత కరకరగా ఉంటాయో చూడు. ఒక పొట్లాం మీ వదిన చేతిలో పెట్టి, చేస్తే ఇట్లా చేయాలి, నేర్చుకో అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మీ వదినకు నేర్చుకోవాలనే పట్టుదల లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
నారాయణ.

వడమాలపేట,
12-6-1998.

అన్నకు ప్రసన్న నమస్కారాలు.

గంట అందింది. మురుకులు అందినాయి, అందిన పూటే అయిపోయినాయి. పిన్‌కోడ్ ఈసారి రెండుసార్లు రాశాను, పోయినసారిది కూడా కలిపి.

అన్నా, మాది భజన కాదు. నాలుగు అంగళ్ల ఆడవాళ్లం వారానికి ఒక పూట కూర్చుంటాం. ఇడ్లీలమ్మే చెంగమ్మ, నగరి నుంచి గుడ్డ తెచ్చి నైటీలు కుట్టే వరలక్ష్మమ్మ, ఎస్టీడీ బూతు పెట్టుకున్న అమల, నేను. డబ్బు పోగుచేయం. ఎవరి అంగట్లో ఏం కష్టమొచ్చిందో చెప్పుకుంటాం, అంతే.

ఎందుకో చెబుతాను. పోయిన సంవత్సరం నా మామిడి ఊరగాయ పదకొండు జాడీలు బూజు పట్టినాయి. సిగ్గేసి మా ఆయనకు కూడా చెప్పకుండా పెరట్లో గుంత తీసి పూడ్చాను. అంగడి మూసేద్దామనే అనుకున్నాను. చెంగమ్మకు ఒకరోజు నోరు జారి చెప్పాను. ఆమె మిగతా ఇద్దరినీ పిలుచుకొచ్చింది. మొదటిరోజు ముగ్గురూ ఒకేసారి సలహాలు మొదలుపెట్టారు. ఒకరు నూనె అంటారు, ఒకరు ఉప్పు అంటారు, ఒకరు దిష్టి అంటారు. నా మాట విన్నవాళ్లు లేరు. అప్పుడు మా చేతుల్లో తెల్లగడ్డలున్నాయి, వొలుస్తూ కూర్చున్నాం. వరలక్ష్మమ్మ విసుగొచ్చి, "అడక్కుండా సలహా చెప్పినోళ్లు ఒక గడ్డ వొలవాల. ప్రశ్న అడిగితే మాత్రం తప్పులేదు" అంది. అందరూ వొలవడంలో పడ్డారు. కొంచెంసేపటికి చెంగమ్మ అడిగింది, "జాడీలు కడిగినాక యాడ ఆరబెడతావు పసన్నా?" అని. కొళాయి పక్కన, చూరు కింద అన్నాను. చెబుతుంటే నాకే తెలిసిపోయింది. చూరు నీళ్లు జాడీల్లోకి కారుతున్నాయి. ఈ సంవత్సరం మిద్దె మీద ఆరబెట్టాను, ఒక్క జాడీ చెడలేదు.

ఆ నియమం అట్లాగే నిలిచిపోయింది. చెంగమ్మ నోరు ఊరుకోదు కాబట్టి వొలిచిన తెల్లగడ్డలు కుప్ప పడి, నేను తెల్లగడ్డ ఊరగాయ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నా అంగట్లో ఎక్కువ అమ్ముడుపోయేది అదే.

నీ గంట చాలా ఉపయోగపడుతోంది. ఎవరైనా సలహా మొదలుపెడితే కొడుతున్నాం. నిన్న నీ జాబు అందరికీ చదివి వినిపించాను. తొమ్మిదిసార్లు మోగింది. నీ పేరు మీద తొమ్మిది గడ్డలు పక్కన పెట్టాం.

గది ఇవ్వొద్దు, అన్నా. మిగతాది మళ్లీ రాస్తాను, టపా బస్సు టైమైంది.

నీ చెల్లెలు,
ప్రసన్న.

పీలేరు,
17-6-1998.

ప్రసన్నకుమారికి,

నీ జాబు చదివి నాకు చాలా బాధ కలిగింది. మీ వదినకు చదివి వినిపిస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె కూడా అంత బాధపడింది.

దేవుడి గంటను అన్న మాట మీద కొడతారా? నేను చెప్పేది సలహా కాదు, పెద్దవాడి మాట. రెంటికీ తేడా ఉంది. ఆ తొమ్మిది కూడా తప్పు లెక్క. పిన్‌కోడ్ గురించి రాసింది మా తపాలా ఇలాకా నియమం, దాన్ని కలపకూడదు.

డబ్బు పోగుచేయం అంటున్నావు. నలుగురు ఆడవాళ్లు పనీపాటా వదిలి వారంవారం ఊరికే కూడతారంటే ముప్పై రెండేళ్ల సర్వీసు చేసినవాణ్ని నేను నమ్మను. చీటీ అయినా ఉండాలి, లేదంటే ఆ చెంగమ్మ పంచాయతీ ఎన్నికలకు నిలబడాలనైనా చూస్తూ ఉండాలి.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. పోస్టాఫీసుకు తనిఖీ ఉన్నట్టే మీకూ తనిఖీ. మీ వదినను పంపుతున్నాను. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రానికి తిరిగొస్తుంది. ఆమె నోరు తెరిచే మనిషి కాదు, చూసింది చూసినట్టు వచ్చి చెబుతుంది. గీతలు కొట్టిన నోటుపుస్తకం ఇచ్చాను. ఆమెను ఎండలో నిలబెట్టొద్దు, తెల్లగడ్డలు వొలిపించొద్దు.

తనిఖీ తర్వాత గది సంగతి తేలుస్తాను.

నారాయణ.

వడమాలపేట,
10-7-1998.

అన్నకు ప్రసన్న నమస్కారాలు.

వదిన మూడు బేస్తవారాలుగా వస్తోంది. తనిఖీ గట్టిగానే చేస్తోంది, నువ్వేమీ దిగులుపడొద్దు. ఎండలో నిలబెట్టలేదు. తెల్లగడ్డలు మాత్రం తనంతట తనే వొలుస్తోంది, వద్దంటే వినదు.

ఈమధ్య మాలో కొత్తగా ఒకామె చేరింది. పేరూ ఊరూ చెప్పను. ఇక్కడ విన్నది బయటికి పోకూడదని మా నియమం. అయితే ఆమే నన్ను అడిగింది, "మీయన్నకు రాయి పసన్నా, ఆయన ఏమంటాడో వినాలని ఉండాది" అని. అందుకని రాస్తున్నాను.

ఆమె పిండివంటలు బాగా చేస్తుంది. మొగుడు చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు, జీతం ఇంటికే తెస్తాడు. కానీ ఆమె పొయ్యి దగ్గర నిలబడితే వాకిట్లోంచి చెబుతూనే ఉంటాడట. మంట తగ్గించు, పిండి ఇంకొంచెం కలుపు, గరిటె అట్లా పట్టుకోవద్దు అని. ఇంట్లో ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పిన రోజు తనకు గుర్తులేదంది. ఆయన ఆఫీసుకు పోయినాక చేసి, పక్కింటామె చేసినట్టు చెప్పి ఒక అంగడికి వేస్తోంది. ఎనిమిది నెలలుగా సాగుతోంది. ఊరంతా తింటోంది, మొగుడికి తెలియదు.

ఆమె చెబుతున్నంతసేపూ ఎవరమూ గంట జోలికి పోలేదు. చెంగమ్మ కూడా నోరు మెదపలేదంటే నువ్వు నమ్మవు. అంతా అయినాక వరలక్ష్మమ్మ ఒక్కటే అడిగింది, "నీకేం కావాల?" అని. ఆమె ఏడ్చేసింది. ఆ మాట తనను ఎవరూ ఎప్పుడూ అడగలేదట. మళ్లీ వారం వచ్చి చెప్పింది, "నా పొట్లాం మీద నా పేరు ఉండాల" అని.

నువ్వు లోకం చూసినవాడివి. ఇది అడిగి తీసుకునే సలహా, గంట కొట్టం. ఆ మొగుడి సంగతి నువ్వేమంటావు?

నీ చెల్లెలు,
ప్రసన్న.

పీలేరు,
15-7-1998.

చిరంజీవి ప్రసన్నకుమారికి దీవెనలు.

నన్ను అడగాలని మీ సంఘానికి ఇన్నాళ్లకైనా తోచినందుకు సంతోషం.

ముందుగా తనిఖీ విషయం. మీ వదిన నోటుపుస్తకంలో మొదటి వారం "ఇంకా చూడాలి" అని రాసింది. రెండో వారం "ఇంకా చూడాలి". మూడో వారం కూడా అదే. ఇంత శ్రద్ధ ఆమెలో ఉందని నేను అనుకోలేదు. చవితి దాకా ప్రతి వారం పొమ్మని చెప్పాను. ఆమె కాదనలేదు.

ఇప్పుడు ఆ మొగుడి సంగతి. వాడు శుద్ధ మూర్ఖుడు. ఇంట్లో ఏం వండుతున్నారో, సంచిలో ఏం బయటికి పోతోందో ఎనిమిది నెలలు కనిపెట్టలేనివాడు ఆఫీసులో ఏం వెలగబెడతాడో నాకు అర్థం కావడం లేదు. పెళ్లాం చేతి వంట ఊరంతా మెచ్చుకుంటుంటే తనొక్కడే వాకిట్లో నిలబడి తప్పులు పట్టేవాడిని ఏమనాలి? ఇట్లాంటివాళ్లకు ఎదురుగా ఎవరూ చెప్పరు కాబట్టే తెలియదు. ముఖం మీదే చెప్పండి. నేను ఆడ ఉంటే నేనే చెప్పేవాణ్ని. మీ తెల్లగడ్డల శిక్ష పిల్లల ఆట అనుకున్నాను గానీ ఈ మనిషికి మాత్రం బుట్టెడు వొలిపించినా తక్కువే.

ఆమె పేరు తప్పకుండా వేయించండి. పెద్ద అక్షరాలు ఉండాలి. కింద ఊరు, పిన్‌కోడ్ మరిచిపోవద్దు.

గది విషయంలో సుందరరాజు రోజూ మనిషిని పంపుతున్నాడు. చవితి ముందు శుక్రవారం ఒప్పందం రాసుకుందామన్నాను. నీ జాడీలు అప్పటికి ఇంటికి చేర్చుకో.

నీ మేలు కోరే,
నారాయణ.

వడమాలపేట,
24-7-1998.

అన్నకు,

ఈ కవరులో ఒక చిన్న రంగు కాగితం పెట్టాను. ముందు అది చూసి తర్వాత ఇది చదువు.

చూశావు కదా. "చంద్రకాంతమ్మ మురుకులు, పీలేరు." నువ్వు చెప్పినట్టే పెద్ద అక్షరాలు, పిన్‌కోడ్‌తో సహా. అమల తిరుపతికి పోయి అచ్చు వేయించుకొచ్చింది.

నువ్వు బస్టాండు బేకరీలో కొని, నేర్చుకో అని వదిన చేతిలో పెట్టిన పొట్లాం వదిన చేసిందే. నాకు పంపిందీ అదే. తినేటప్పుడు నాకూ తెలియదు. వదిన చెప్పినప్పుడే తెలిసింది.

నీ జాబు నిన్న అందరి ముందూ చదివాను. మేం అడిగాం కాబట్టి గంట కొట్టలేదు. "శుద్ధ మూర్ఖుడు" దగ్గర వదిన గోడ పట్టుకుని నవ్వింది. పిన్‌కోడ్ దగ్గరికి వచ్చేసరికి ఏడ్చింది. "ఆయనకు న్యాయం తెలుసు పసన్నా, తన మీదికి వచ్చేదే తెలీదు" అంది. ముఖం మీదే చెప్పమని నువ్వే రాశావు కాబట్టి వదిన ఒప్పుకున్నాక చెబుతున్నాను. ఆ మొగుడివి నువ్వే.

ఇక నా మాట. గది నీ పేర ఉంది. వదలమంటే వదులుతాను, నీతో పోట్లాడను. కానీ నీ ప్రతి జాబూ చదివి నేను ఎంత కోపం తెచ్చుకున్నానో, ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియాలి. అంగడి ఎందుకు మానాలో పది కారణాలు రాశావు. ఎందుకు పెట్టుకున్నావు అని ఒక్కసారి అడగలేదు. ఆ పదకొండు జాడీలు పూడ్చిన రోజు, ఇక నా చేత ఏదీ కాదని గట్టిగా నమ్మేశాను. ఆ గదిలో ఈ ఆడవాళ్లు కూర్చుని నన్ను లేపి నిలబెట్టారు. వదిన కూడా ఆ గదిలోనే మొదటిసారి ఒక మాట చివరిదాకా చెప్పింది. అందుకే గది ఇవ్వొద్దంటున్నాను. సిమెంటు బస్తాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

ప్రసన్న.

వడమాలపేట,
14-8-1998.

అన్నా,

మూడు వారాలైంది, నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. వదిన వస్తోంది గానీ నీ సంగతి అడిగితే "గమ్మునుండాడు" అని మాత్రం అంటోంది. నువ్వు గమ్మునుండటం నాకు భయంగా ఉంది. తిట్టడానికైనా రాయి.

ప్రసన్న.

పీలేరు,
17-8-1998.

చిరంజీవి ప్రసన్నకు,

నాకు కోపం లేదు. మొదట వచ్చింది, నిలవలేదు.

నీ జాబు చదివి బేకరీకి పోయాను. ఈ మురుకులు ఎవరు చేస్తారని అడిగాను. ఆయన, "పేరుకు పక్కింటామెవే గానీ, మీ ఇంటి నుంచే కదా సార్ వస్తుండేది, మీకు తెలీదా?" అన్నాడు. మా పోస్టుమాన్‌కు తెలుసు. పాలామెకు తెలుసు. పీలేరులో ప్రతి ఇంటి నంబరూ నోటికి వచ్చినవాణ్ని, నాకు మాత్రం తెలియదు. చాలా సిగ్గుపడ్డాను చెల్లీ.

ఇంటికి వచ్చేసరికి మీ వదిన మురుకులు వత్తుతోంది. వాకిట్లో నిలబడ్డాను. మంట ఎక్కువగా ఉందని నాకనిపించింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. మంట సరిగ్గానే ఉందని తర్వాత తెలిసింది. ఇరవై రోజులుగా అట్లాగే నిలబడి వస్తున్నాను, ఏమీ అనకుండా. అది ఎంత కష్టమో నువ్వు నమ్మవు. మొన్న ఆమె నావైపు తిరిగి ఒక మురుకు ఇచ్చి, "ఉప్పు సరిపోయిందేమో సూడండి" అంది. తానుగా నన్ను అడగడం అదే మొదలు. బాగుండాది అన్నాను. ఇంకొకటి అడిగి తిన్నాను.

నేను నీకు రాసే ప్రతి జాబుకూ నకలు ఉంచుకుంటానని నీకు తెలుసు కదా. ఒక సంవత్సరంవి బయటికి తీసి నువ్వు అడగని సలహాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. నూట నలభై మూడు వచ్చాయి. పిన్‌కోడ్‌వి కూడా కలిపాను. మీ ఆయన బస్సులో ఒక సంచి పంపుతున్నాను. నూట నలభై మూడు గడ్డలు, అన్నీ వొలిచినవే. వాకిట్లో కూర్చుని నేనే వొలిచాను, మీ వదిన చేయి పెట్టలేదు. గోళ్లు లేని వేళ్లతో వొలవడం నరకం. చేతులు మండి రెండు రోజులు ముద్రలు వేయలేకపోయాను. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లు వాసన చూసి, లోపల వంట చేస్తున్నారా సార్ అంటున్నారు.

సుందరరాజుకు గది లేదని చెప్పాను.

ప్రశ్న అడిగితే తప్పులేదని రాశావు కాబట్టి రెండు అడుగుతున్నాను. ఒకటి, నీకేం కావాలి? గదికి చూరు బాగుచేయించాలా, ఇంకేదైనానా, నువ్వు చెప్పిందే చేస్తాను. రెండోది ఎట్లా రాయాలో తెలియడం లేదు. మార్చి తర్వాత నేనేం చేయాలో నాకు తెలియదు. ముప్పై రెండేళ్లు అందరికీ చెప్పాను, నా సంగతి ఎవరినీ అడగలేదు. భయంగా ఉంది. ఒక బేస్తవారం మీ వదినతో పాటు నేనూ రావచ్చునా? లోపలికి వద్దంటే గడప అవతల కూర్చుంటాను.

నీ అన్న,
నారాయణ.

వడమాలపేట,
21-8-1998.

అన్నకు ప్రసన్న నమస్కారాలు.

నిన్న నీ జాబు అందరి ముందూ చదివాను. చదవడం అయినాక చెంగమ్మ నీ సంచి విప్పి గడ్డలు లెక్కపెట్టింది. మగవాళ్లు రాకూడదని మాకు నియమం లేదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే. వచ్చే బేస్తవారం రా. గడప అవతల కాదు, లోపలే చాప వేస్తాం. నువ్వు చెప్పేదంతా చెప్పినంతసేపూ వింటాం.

చూరు బాగుచేయించు. నాకు కావాల్సింది అదే.

వచ్చేదాకా గోళ్లు మాత్రం కత్తిరించుకోవద్దు. ఇది సలహా. నువ్వు అడగలేదు. గంట నేనే కొట్టుకుని, ఒక గడ్డ ముందు పెట్టుకుని ఇది ముగిస్తున్నాను.

నీ చెల్లెలు,
ప్రసన్న.